సంరక్షణలోని ఆడకోతుల పునరుత్పత్తి చక్రాన్ని గుర్తించి నమోదు చేసే విధానం

జంతుప్రదర్శనశాలలోనో, పునరావాస కేంద్రంలోనో, పరిశోధన సంస్థలోనో పెరుగుతున్న ఆడకోతిని మగకోతితో ఎప్పుడు కలపాలి, అది గర్భం దాల్చిందా లేదా, ఏళ్లు గడిచినా పిల్లలు ఎందుకు పుట్టడం లేదు, ఇచ్చిన గర్భనిరోధకం నిజంగా పనిచేస్తోందా అనే ప్రశ్నలు సంరక్షకులకు, పశువైద్యులకు తరచుగా ఎదురవుతాయి. వీటిలో ఏ ప్రశ్నకూ ఒక్క రక్త పరీక్షతో నమ్మదగిన జవాబు దొరకదు. అండం విడుదలైన తరువాత పెరిగే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఒక రోజు కొలిచినప్పుడు తక్కువగా ఉందంటే ఆ జంతువు అండం విడుదలకు ముందు దశలో ఉండవచ్చు, చక్రమే ఆగిపోయి ఉండవచ్చు, ఇంకా ఈడుకు రాకపోయి ఉండవచ్చు, లేదా ముసలిదై ఉండవచ్చు. అంకె మాత్రం అన్ని సందర్భాలలోనూ ఒకేలా కనిపిస్తుంది. అదే జంతువును వరుసగా రెండు మూడు చక్రాలపాటు గమనించి, దానికి సహజమైన హెచ్చుతగ్గులు ఏమిటో తెలుసుకున్నప్పుడే ఆ అంకెకు అర్థం ఏర్పడుతుంది. కాబట్టి ఈ పనిలో నమోదు పుస్తకం ముందు, ప్రయోగశాల తరువాత.

శరీరంలో జరిగే క్రమం

మెదడులోని హైపోథాలమస్ జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను ధారగా కాక విడతలు విడతలుగా విడుదల చేస్తుంది. దాని ప్రేరణతో పిట్యూటరీ గ్రంథి నుంచి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే హార్మోన్లు వెలువడతాయి. ఎర్నస్ట్ నోబిల్ బృందం 1970ల చివరలో రీసస్ కోతులపై చేసిన ప్రయోగాలలో, జీఎన్‌ఆర్‌హెచ్‌ను గంటకొకసారి చొప్పున అందిస్తే పిట్యూటరీ యథావిధిగా పనిచేసిందని, ఆగకుండా ఎక్కిస్తే మాత్రం ఆ రెండు హార్మోన్లూ పడిపోయాయని తేలింది. నేడు వాడుతున్న కొన్ని గర్భనిరోధక ఇంప్లాంట్లు (చర్మం కింద అమర్చే మందు గుళికలు) పనిచేసేది ఈ సూత్రం మీదనే కనుక దీన్ని గుర్తుంచుకోవడం అవసరం.

ఎఫ్‌ఎస్‌హెచ్ ప్రభావంతో అండాశయంలో పుటికలు (అండాలను మోసే చిన్న సంచులు) పెరుగుతాయి, వాటిలో ఒకటి మిగిలినవాటిని మించి ఎదిగి, ఈస్ట్రోజెన్ రకానికి చెందిన ఈస్ట్రడయాల్‌ను ఎక్కువగా స్రవిస్తుంది. రీసస్ కోతిలో ఈస్ట్రడయాల్ ఒక మిల్లీలీటరు రక్తంలో సుమారు 150 నుంచి 200 పికోగ్రాముల స్థాయిని దాటి దాదాపు 36 గంటలు నిలబడితేనే ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగసిపడుతుంది. ఆ ఉప్పెన తరువాత రమారమి ఒకటిన్నర రోజుకు అండం విడుదలవుతుంది. పగిలిన పుటిక కార్పస్ లూటియంగా మారి ప్రొజెస్టిరాన్‌ను స్రవిస్తుంది. గర్భం నిలవకపోతే మకాక్ జాతులలో (రీసస్ కోతి వీటిలో ఒకటి) రెండు వారాలకు అది క్షీణిస్తుంది, ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, గర్భాశయపు పొర ఊడి ఋతుస్రావం మొదలవుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే అంశం ఒకటి ఉంది. ఋతుస్రావం కనిపించినంత మాత్రాన అండం విడుదలైందని అనుకోకూడదు. రీసస్ కోతులలో అండం విడుదల కాకుండానే స్రావం జరగవచ్చునని జార్జ్ కార్నర్ 1923లోనే ప్రకటించారు. ఈస్ట్రోజెన్ తగ్గినా పొర ఊడుతుంది. ప్రత్యేకించి కొత్తగా ఈడుకు వచ్చిన ఆడకోతులలోను, సంతానోత్పత్తి ఋతువు మొదట్లోను, చివర్లోను ఇటువంటి చక్రాలు ఎక్కువగా ఉంటాయి. కేవలం స్రావపు తేదీలను చూసి జతకట్టించే రోజులు లెక్కవేసే కేంద్రాలు నెలల తరబడి ఫలితం లేకుండా శ్రమించడానికి ఇది ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం.

జాతిని బట్టి పద్ధతి మారుతుంది

ఒక జాతికి సరిపోయిన పట్టికను మరో జాతికి వాడటం తగదు. రీసస్ కోతి చక్రం సుమారు 28 రోజులు, గర్భధారణ కాలం సుమారు 165 రోజులు. ఆరుబయట పెరిగే రీసస్ కోతులు పగటి వెలుగు తగ్గే కాలంలోనే గర్భం దాలుస్తాయి, ఎండాకాలంలో వాటి చక్రం క్రమం తప్పుతుంది లేదా ఆగిపోతుంది. పొడవు తోక మకాక్‌లో ఇంత గట్టి ఋతు నియమం లేదు. పందితోక మకాక్ చక్రం, సింహపు తోక కోతి చక్రం ఇంచుమించు 32 రోజులు ఉంటాయి, రెండింటిలోనూ పిరుదుల దగ్గరి చర్మం ఉబ్బుతుంది. బాబూన్‌లలో చక్రం సుమారు 33 రోజులు, గర్భధారణ కాలం సుమారు 180 రోజులు. వాటి వాపు ఎంత స్పష్టంగా ఉంటుందంటే, గరిష్ఠ వాపు చివరి రోజుల్లో అండం విడుదలై ఆ వెంటనే వాపు తగ్గడం మొదలవుతుందన్న లెక్కతోనే చాలా పని జరిగిపోతుంది. కొండముచ్చులలో ఇటువంటి బాహ్య చిహ్నమేదీ ఉండదు కనుక ఆడకోతి మగదాని ఎదుట తల విదిలించడం వంటి ప్రవర్తననే గమనించాలి.

అమెరికా ఖండాల కోతుల సంగతి మరింత వేరు. మర్మోసెట్ చక్రం కూడా 28 రోజులకు దగ్గరగానే ఉంటుంది, కానీ అందులో పుటికా దశ సుమారు 8 నుంచి 10 రోజులు మాత్రమే, మిగిలినదంతా కార్పస్ లూటియం పనిచేసే లూటియల్ దశ. ఋతుస్రావం కంటికి కనిపించదు. స్క్విరెల్ కోతి చక్రం 7 నుంచి 12 రోజుల్లో ముగుస్తుంది కాబట్టి వారానికి రెండు నమూనాలు తీస్తే దాని గ్రాఫ్‌లో ఏమీ తెలియదు. కాపుచిన్ కోతి చక్రం సుమారు 21 రోజులు. పైగా ఈ కోతులలో చాలావాటి రక్తంలో స్టిరాయిడ్ హార్మోన్ల స్థాయి మకాక్‌లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. మకాక్‌ల కోసం నిర్ణయించిన హద్దులను వీటికి అన్వయిస్తే ప్రతి జంతువూ గర్భంతో ఉన్నట్లే కనిపిస్తుంది.

మర్మోసెట్లు, టామరిన్‌ల విషయంలో కుటుంబ నిర్మాణాన్ని కూడా చూడాలి. గుంపులో ఆధిపత్యం గల ఆడది ఉన్నంతకాలం కూతుళ్లలోను, అణగి ఉండే ఇతర ఆడవాటిలోను అండం విడుదల తరచుగా అణచివేయబడుతుంది. అటువంటి జంతువులో ప్రొజెస్టిరాన్ ఎప్పుడూ తక్కువగా ఉండటం జబ్బు కాదు. దానికి చికిత్స మొదలుపెట్టే ముందు కుటుంబం నుంచి వేరుచేసి తగిన మగదానితో జతగా ఉంచి చూడాలి. చాలాసార్లు కొన్ని వారాల్లోనే చక్రం మొదలవుతుంది.

రోజువారీ నమోదు

ప్రతి ఆడకోతికి విడిగా ఒక పట్టిక ఉండాలి. రోజూ ఒకే వేళకు, వీలైతే ఒకే వ్యక్తి, ఋతుస్రావం ఉన్నదీ లేనిదీ, చర్మం రంగు, వాపు, ఆహారం తీసుకున్న తీరు, గుంపులో గొడవలు, మగదానితో ప్రవర్తన నమోదు చేయాలి. స్రావం కనిపించిన మొదటి రోజును చక్రంలో 1వ రోజుగా లెక్కించాలి. వాపును మాటల్లో వర్ణించడంకన్నా 0 నుంచి 4 వరకు అంకెల్లో నమోదు చేయడం మేలు. అంతకన్నా మేలైనది, ఒకే దూరం నుంచి, ఒకే వెలుతురులో ఫోటో తీసి దాచడం, ఎందుకంటే సంరక్షకుడు మారినప్పుడు 2కు, 3కు మధ్య తేడా కూడా మారిపోతుంది. రీసస్ కోతులలో ముఖం, పిరుదులు ఎర్రబడటం ఈస్ట్రోజెన్ ప్రభావమే అయినా, ఒక్కొక్క జంతువులో అది ఒక్కో తీరుగా ఉంటుంది. ఈడుకు వస్తున్న రీసస్ ఆడకోతులలో తోక మొదట, తొడల మీద కనిపించే వాపు చూసి జబ్బు అనుకోవలసిన పని లేదు.

మకాక్‌లలో స్రావం చాలా స్వల్పంగా ఉండి కంటికి కనిపించకపోవచ్చు. అప్పుడు సెలైన్‌తో తడిపిన మెత్తని దూది పుల్లను యోని ముఖద్వారం వద్ద తేలికగా తిప్పి చూడాలి. దీనికోసం జంతువును బలవంతంగా పట్టుకోకూడదు. ఇష్టమైన తినుబండారం బహుమతిగా ఇస్తూ, కంచె దగ్గరకు వచ్చి వెనుకకు తిరిగి నిలబడేలా నేర్పవచ్చు. దీనికి కొన్ని వారాల ఓపిక కావాలి. అయితే ఇది కేవలం దయకు సంబంధించిన విషయం కాదు. భయపడిన జంతువులో ఒత్తిడి హార్మోన్లు పెరిగి జీఎన్‌ఆర్‌హెచ్ విడతలు మందగిస్తాయి, మనం కొలవదలచిన చక్రాన్ని మనమే చెడగొట్టినట్లవుతుంది. మాటిమాటికీ మత్తుమందు ఇచ్చి రక్తం తీయడానికీ ఇదే అభ్యంతరం వర్తిస్తుంది.

మూత్రం, మలం నమూనాలు

దీర్ఘకాలిక పరిశీలనకు రక్తంకన్నా మూత్రం, మలం అనువైనవి. అండాశయపు హార్మోన్లు కాలేయంలో రూపాంతరం చెంది ఈ రెండు దారులలో బయటకు వస్తాయి, కాబట్టి జంతువును ముట్టుకోకుండానే నెలల తరబడి నమూనాలు తీయవచ్చు. మూత్రంలో కనిపించే స్థాయి ఇంచుమించు అదే రోజు పరిస్థితిని చూపుతుంది. మలంలో కనిపించేది మకాక్‌లలో ఒకటి రెండు రోజుల క్రితం నాటి పరిస్థితి, ఆకులు తిని నెమ్మదిగా అరిగించుకునే కొండముచ్చులలో ఆ ఆలస్యం ఇంకా ఎక్కువ. ఈ తేడాను లెక్కలోకి తీసుకోకపోతే జతకట్టించవలసిన రోజులు దాటిపోయిన తరువాత తెలుస్తాయి.

చక్రం ఉన్నదీ లేనిదీ తెలిస్తే చాలుననుకుంటే మకాక్‌లకు వారానికి 3 నమూనాలు సరిపోతాయి. అండం విడుదలైన రోజును పట్టుకోవాలంటే ప్రతిరోజూ తీయాలి. ఉదయం వేళను ఎంచుకుని దానికే కట్టుబడాలి. మూత్రమైతే కడిగి ఆరబెట్టిన స్టీలు పళ్లెం నుంచో శుభ్రమైన నేల నుంచో సూది లేని సిరంజితో పీల్చి తీయాలి, మలం కలిసినదాన్ని వదిలేయాలి. మర్మోసెట్లు నిద్రలేవగానే మూత్రం పోస్తాయి కనుక ఆ సమయానికి చిన్న గిన్నె పట్టడం సులభంగా నేర్పవచ్చు. మలమైతే పైపొరను కాక ముద్ద లోపలి భాగాన్ని తీసుకుని బాగా కలిపి, గింజలు, నార తొలగించి, పేరు, తేదీ, వేళ రాసిన సీసాలో ఉంచాలి.

గుంపులో ఎవరి మలం ఎవరిదో తెలియనప్పుడు, ఒక్కొక్క ఆడకోతికి ఇచ్చే ముద్దలో ఒక్కో రంగు ఆహారపు రంగునో, విషరహితమైన మెరుపు రేణువులనో కలిపి పెడితే మరునాటి మలంలో ఆ గుర్తు కనిపిస్తుంది. ఆ ముద్ద గుంపులో మరొకటి లాక్కుని తినకుండా చూడవలసిన బాధ్యత సంరక్షకుడిదే. అనుమానం ఉన్న నమూనాను పారవేయడమే మంచిది, తప్పుడు పేరుతో చేరిన ఒక్క నమూనా మొత్తం గ్రాఫ్‌ను తప్పుదారి పట్టిస్తుంది.

మలంలోని బాక్టీరియా హార్మోన్ అవశేషాలను మార్చేస్తూనే ఉంటుంది. అందువల్ల సేకరించిన గంట రెండు గంటల లోపే మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకట్టించాలి. ఫ్రీజర్ అందుబాటులో లేనిచోట ఇథనాల్‌లో ముంచి ఉంచవచ్చు, కానీ మొత్తం అధ్యయనంలో ఒకే పద్ధతి పాటించాలి. సగం నమూనాలు ఒక తీరుగా, సగం మరొక తీరుగా నిల్వచేస్తే వాటిని పోల్చి చూడటం కుదరదు.

ఈ పనిలో భద్రత చిన్న విషయం కాదు. ఆసియా మకాక్‌లు హెర్పిస్ బి వైరస్‌ను బయటికి ఏ లక్షణమూ లేకుండా మోస్తూ ఉండవచ్చు, అది మనుషులకు సోకితే ప్రాణాంతకం. లాలాజలంలోను, జననాంగ స్రావాలలోను అది ఉండే అవకాశం ఉంది కనుక దూది పుల్ల వాడేవారు చేతి తొడుగులు, మాస్కు, కళ్లకు రక్షణ తప్పనిసరిగా ధరించాలి. కరిచినా, గీరినా, కంట్లో తుంపర పడినా వెంటనే 15 నిమిషాలపాటు కడిగి వైద్యుని సంప్రదించాలి. అలాగే మన నుంచి వాటికి వచ్చే ప్రమాదమూ ఉంది. పెదవి మీద జలుబు పొక్కు ఉన్న వ్యక్తి మర్మోసెట్ల దగ్గరకు వెళ్లకూడదు, ఆ వైరస్ వాటిని చంపగలదు. క్షయ ఉన్నవారు ఏ కోతి దగ్గరకూ వెళ్లకూడదు.

ప్రయోగశాలను అడగవలసినవి

మూత్రంలో ఈస్ట్రోన్ కాంజుగేట్లు (ఈస్ట్రోజెన్ రూపాంతరాలు) చాలా జాతులలో బాగా పనికివస్తాయి. మనుషుల మూత్రంలో ప్రొజెస్టిరాన్‌కు గుర్తుగా కొలిచే ప్రెగ్నేన్‌డయాల్ గ్లూకురొనైడ్ మాత్రం మకాక్‌ల మూత్రంలో అంతగా ఉపయోగపడదు, ఎందుకంటే వాటి శరీరంలో ప్రొజెస్టిరాన్ రూపాంతరం చెందే మార్గం వేరు. అందుకే మనుషుల కోసం తయారైన కిట్‌ను నేరుగా తెచ్చి వాడకూడదు. ఎంచుకున్న ఎంజైమ్ ఇమ్యునో పరీక్ష (యాంటీబాడీల సాయంతో హార్మోన్‌ను కొలిచే పద్ధతి) ఈ జాతి నమూనాకు సరిపోతుందని ముందుగా నిరూపించాలి. నమూనాను వరుసగా పలుచన చేసినప్పుడు వచ్చే వక్రరేఖ ప్రామాణిక వక్రరేఖకు సమాంతరంగా ఉండాలి. తెలిసిన మోతాదులో కలిపిన హార్మోన్ తిరిగి దాదాపు అంతే కొలతలో రావాలి. అన్నింటికన్నా ముఖ్యంగా, గర్భంతో ఉన్నట్లు తెలిసిన జంతువుకు, అండాశయాలు తొలగించిన లేదా ఈడుకు రాని జంతువుకు మధ్య తేడాను ఆ పరీక్ష స్పష్టంగా చూపాలి. ఈ చివరి నిదర్శనం లేని ఫలితాలను నేను అంగీకరించను, రసాయనికంగా ఎంత చక్కగా కనిపించినా సరే.

మూత్రం పలుచగానో చిక్కగానో ఉండవచ్చు కనుక హార్మోన్ విలువను, మూత్రంలో దాదాపు స్థిరంగా వెలువడే వ్యర్థమైన క్రియాటినిన్‌తో భాగించి చూపాలి. మలం విలువను ఎండబెట్టిన మలంలో గ్రాముకు ఇంత అని చెప్పడం మేలు. ఒకే నమూనాను పదే పదే కొలిచినప్పుడు వచ్చే తేడా ఒక పరీక్షా పళ్లెంలో (అనేక నమూనాలను ఒకేసారి కొలిచే గుంటల ప్లేటు) 10 శాతం లోపు, వేర్వేరు పళ్లాల మధ్య 15 శాతం లోపు ఉండాలని సాధారణంగా ఆశిస్తారు. ఒక జంతువుకు చెందిన ఒక చక్రపు నమూనాలన్నింటినీ ఒకే పళ్లెంలో పరీక్షించమని కోరితే ఈ చికాకు చాలావరకు తగ్గుతుంది.

గ్రాఫ్‌ను చదివే తీరు

విలువలన్నింటి సగటును, ప్రామాణిక విచలనాన్ని (విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) లెక్కించి, సగటుకు రెండు విచలనాలకన్నా పైన ఉన్నవాటిని పక్కనపెట్టి, మిగిలినవాటితో మళ్లీ లెక్కించాలి. పక్కనపెట్టవలసినది ఏదీ మిగలనంతవరకు ఇలా చేస్తే ఆ జంతువు ఆధార స్థాయి తెలుస్తుంది. ప్రొజెస్టిరాన్ అవశేషాలు ఆ స్థాయిని దాటి వరుసగా కనీసం 3 నమూనాలలో పైనే నిలిస్తే దాన్ని నిజమైన లూటియల్ పెరుగుదలగా తీసుకోవచ్చు. ఒకే ఒక్క ఎత్తైన బిందువును నమ్మకూడదు.

ఉదాహరణకు, ఒక రీసస్ కోతి మలంలో 16వ రోజున ఈ పెరుగుదల మొదలైందనుకుందాం. మలంలో ఆలస్యం సుమారు రెండు రోజులు కాబట్టి రక్తంలో పెరుగుదల 14వ రోజున మొదలై ఉంటుంది. అండం విడుదలైన తరువాతే ప్రొజెస్టిరాన్ స్పష్టంగా పెరుగుతుంది కనుక అండం 12, 14 రోజుల మధ్య విడుదలై ఉంటుందని చెప్పవచ్చు. అంతకు ముందు రోజుల్లో ఈస్ట్రోజెన్ అవశేషాలు పెరిగి పడిపోయి ఉంటే ఆ నిర్ణయానికి బలం చేకూరుతుంది. లూటియల్ పెరుగుదల కొద్ది రోజులకే పడిపోతే కార్పస్ లూటియం బలహీనంగా ఉందని అర్థం. గుంపు మార్పు, రవాణా, బరువు తగ్గడం వంటి సంఘటనలు ఆ తేదీల్లో జరిగాయా అని అప్పుడు నమోదు పుస్తకంలో వెతకాలి.

జతకట్టించడం, గర్భ నిర్ధారణ

రెండు చక్రాల గ్రాఫ్ చేతికి వచ్చాక మూడవదానిలో రోజులు ముందుగా అంచనా వేయవచ్చు. 28 రోజుల చక్రం గల మకాక్‌ను సాధారణంగా 11వ రోజు నుంచి మూడు నాలుగు రోజులు మగదానితో ఉంచితే చాలు. జంతువులు ఒకదానికొకటి ఇదివరకే పరిచయమై ఉండాలి, కొత్త మగదాన్ని సరిగ్గా ఆ రోజే తెస్తే గొడవలు తప్ప ఫలితం ఉండదు. మగకోతి సంగతి కూడా మరచిపోరాదు. ఋతువును పాటించే జాతులలో వృషణాల పరిమాణం, టెస్టోస్టిరాన్ రెండూ ఋతువుతో పాటు పెరిగి తగ్గుతాయి కనుక వేసవిలో తీసిన వీర్య పరీక్షను చూసి మగదాన్ని నిందించకూడదు.

గర్భం నిలిస్తే ప్రొజెస్టిరాన్ అవశేషాలు అనుకున్న తేదీకి తగ్గవు, చక్రం గడువు దాటినా పైనే ఉంటాయి. రీసస్ కోతిలో దాదాపు ఋతుస్రావం రావలసిన రోజుల్లోనే మాయ ఏర్పడే క్రమంలో కొంత రక్తం కనిపించవచ్చు. దాన్ని స్రావంగా నమోదు చేసి గర్భం లేదని తేల్చేయడం తరచుగా జరిగే పొరపాటు. మకాక్‌లలో కోరియానిక్ గొనడోట్రోపిన్ (మాయ స్రవించే గర్భ హార్మోన్) గర్భం తొలి వారాల్లో మాత్రమే కొలవగలిగే స్థాయిలో ఉండి సుమారు 40వ రోజుకల్లా తగ్గిపోతుంది, మనుషుల గర్భ పరీక్ష పట్టీ దాన్ని సరిగా గుర్తించదు. కాబట్టి మూడు నాలుగు వారాలకు అల్ట్రాసౌండ్ చేయించడమే ఖాయమైన దారి. బాబూన్‌లలో పిరుదుల గట్టి మెత్తల పక్క చర్మం నలుపు నుంచి ఎరుపుకు మారడం అదనపు సూచన.

చక్రం ఆగినప్పుడు, ఆపవలసినప్పుడు

పాలిచ్చే తల్లిలో చక్రం ఆగడం సహజం. ఋతువు కాని కాలంలో రీసస్ కోతిలోనూ సహజమే. సుమారు 25 ఏళ్ల వయసుకు రీసస్ కోతిలో చక్రం శాశ్వతంగా ఆగిపోతుంది. ఈ కారణాలేవీ లేకుండా ఆగితే ముందుగా బరువు, ఆహారం, గుంపులో స్థానం పరిశీలించి, ఆ తరువాతే హార్మోన్ చికిత్స గురించి ఆలోచించాలి. దీనికి భిన్నంగా, ఏళ్ల తరబడి పిల్లలు లేకుండా చక్రాలు గడిచిన వయసు మళ్లిన మకాక్‌లలో ఎండోమెట్రియోసిస్ (గర్భాశయపు పొర వంటి కణజాలం గర్భాశయం బయట పెరగడం) తరచుగా వస్తుంది. స్రావపు రోజుల్లో ఆహారం మానడం, వంగి కూర్చోవడం, స్రావం అధికం కావడం కనిపిస్తే అది తీవ్రమైన నొప్పికి గుర్తు, పశువైద్యునికి ఆ రోజే చూపించాలి.

గర్భనిరోధకం వాడిన జంతువులలోనూ ఇదే పరిశీలన కొనసాగాలి. డెస్లోరెలిన్ ఇంప్లాంట్ జీఎన్‌ఆర్‌హెచ్‌ను పోలిన మందును ఆగకుండా విడుదల చేసి చివరకు చక్రాన్ని ఆపుతుంది, కానీ మొదటి వారాల్లో అండాశయాన్ని ఎదురు ప్రేరేపిస్తుంది. ఆ వ్యవధిలో మగదాన్ని వేరుగా ఉంచాలి లేదా పశువైద్యుడు సూచించిన ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ వంటి మందు) తోడుగా ఇవ్వాలి. మగకోతికి వాసెక్టమీ చేసినా కొన్ని వారాలు శుక్రకణాలు మిగిలే ఉంటాయి కనుక వీర్య పరీక్షలో అవి లేవని తేలాకే ఆడవాటితో కలపాలి. గర్భనిరోధకం తీసేసిన తరువాత చక్రం ఎప్పుడు తిరిగి వస్తుందన్నది మందును బట్టి, జంతువును బట్టి మారుతుంది. అందువల్ల తీసిన వారం నుంచే మలం నమూనాలు వారానికి మూడు చొప్పున మొదలుపెట్టి, వరుసగా రెండు లూటియల్ పెరుగుదలలు పూర్తి నిడివితో కనిపించిన తరువాతే ఆ జంతువును సంతానోత్పత్తి జాబితాలో తిరిగి చేర్చాలి.